‘సబ్బుపెట్టె’తోనే అరకు వెళ్లు, తమ్ముడూ

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది గాజువాక. నాకు ముప్పై ఒకటి. ఇంజనీరింగ్‌లో కలిసిన మేం ఐదుగురం ఇప్పటికీ ఆదివారం తెల్లారేసరికి ఎవరి కారు వాళ్లు తీసుకుని బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లొస్తాం. టిఫిను, టీ, బండ్ల కబుర్లు. పదింటికల్లా ఇల్లు చేరిపోతాం. ఒకడిది థార్, ఒకడిది క్రెటా డీజిల్, ఒకడిది జర్మన్ టర్బో బండి, ఇంకొకడు ఈమధ్యే ఎలక్ట్రిక్ కొన్నాడు. నాది నాన్న ఇచ్చిన 1997 మోడల్ మారుతి 800. మావాళ్లు దానికి పెట్టిన పేరు ‘సబ్బుపెట్టె’. ‘ఒరే, హెడ్‌లైట్లేస్తే స్పీడు తగ్గిపోద్దేట్రా’, ‘ఘాట్ రోడ్డుకి తాడు నేను తెస్తాను, కొబ్బరికాయ నువ్వు తెచ్చుకో’... రోజూ ఇవే. ఇన్నాళ్లూ నేనూ నవ్వేవాణ్ని. కిందటి నెల నాన్నని కూడా తీసుకెళ్లాను. థార్ వాడు ‘అంకుల్, దీన్ని ఇంక మ్యూజియంకి ఇచ్చేయండి’ అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఇప్పుడు డిసెంబరులో అరకు ప్లాన్ వేసి, ‘నీ బండి ఇంట్లో పెట్టేసి మా బండిలో వచ్చేయ్’ అంటున్నారు. ఒంట్లో బాలేదని చెప్పి రెండు ఆదివారాలు మానేశాను. లోన్ పెట్టి కొత్తది కొనేయమని నా భార్య అంటోంది. వాళ్లు మంచివాళ్లే అక్కా. పోయిన వర్షాకాలం ఋషికొండ దగ్గర నా బండి ఆగిపోతే నలుగురూ రెండు గంటలు వానలో నిలబడ్డారు. కానీ మనసు కలుక్కుమంటోంది. వీళ్లని వదిలేయనా, బండి మార్చేయనా, నవ్వి ఊరుకోనా?

– ‘సబ్బుపెట్టె’ ఓనరు, గాజువాక

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ‘మా బండిలో వచ్చేయ్’ అన్న దగ్గరే ఆగాను. సబ్బుపెట్టె అన్నా, తాడు తెస్తానన్నా నువ్వు ఇన్నాళ్లూ నవ్వావంటే ఆ మాటల్లో నీ బండికి ఒక చోటుంది. ఐదు బండ్లలో అదొకటి, దాని వంతు అల్లరి దానిది. బండి ఇంట్లో పెట్టి రమ్మనేసరికి ఆ చోటు పోయింది. బండ్ల పిచ్చి ఉన్నవాళ్లని స్టీరింగ్ వదిలేసి పక్క సీట్లో కూర్చోమనడం భజనకి పిలిచి తాళాలు ఇంట్లో పెట్టి రమ్మన్నట్టు ఉంటుంది. వాళ్లు నీ కష్టం తగ్గించాలనే అని ఉంటారు. అయినా నీకు నొప్పి అక్కడే మొదలైందని నాకు అనిపిస్తోంది. మ్యూజియం మాట దాన్ని ఇంకాస్త లోపలికి దించింది.

ఈ బండ్ల వేళాకోళం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్నది ప్రీమియర్ పద్మిని. మా ఇంట్లో, వీధిలో అందరికీ అది ‘ఫియట్’. నాన్న స్నేహితుడు ఒకాయన, మేం పెదనాన్న అనేవాళ్లం, ఆయనకి అంబాసిడర్. ప్రతి కార్తీకంలో వనభోజనాలకి ఈ రెండు బండ్లలో నాలుగు కుటుంబాలు ఎక్కేవి. గుండిగలు, అరిటాకులు, చాపలు అంబాసిడర్ డిక్కీలో. పిల్లలం ఒకరి ఒళ్లో ఒకరం ఫియట్‌లో. బయల్దేరిన దగ్గర్నుంచి ఆ ఇద్దరూ మొదలెట్టేవారు. ‘మీ అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయి’ అని నాన్న. ‘మీ ఫియట్‌ని గోతిలో దింపితే నేనే వచ్చి ఎత్తాలి, అగ్గిపెట్టె కదా, జేబులో వేసుకొస్తాలే’ అని ఆయన. దారిలో ఒకరి బండి ఆగితే రెండోవాళ్లకి పండగ. కానీ ఆ పండగ బానెట్ ఎత్తేదాకానే. ఎత్తాక ఇద్దరి తలలూ లోపలే ఉండేవి.

పదిహేనేళ్ల తర్వాత నాన్న ఆ ఫియట్ అమ్మడానికి పెట్టారు. కొనడానికి వచ్చినాయన బేరం బాగా తగ్గించి అడుగుతున్నాడు. నాన్నకి బేరమాడ్డం చేతకాదు. పెదనాన్న కుర్చీ ముందుకి లాక్కుని, పదిహేనేళ్లు తిట్టిపోసిన బండిని గంటసేపు పొగిడారు. స్టీరింగ్ పక్కనుండే ఆ గేరు రాడ్డు ఎంత మెత్తగా పడుతుందో, ఇంజను ఎప్పుడెప్పుడు విప్పారో, ఏ ఊళ్లో ఏ టైరు మార్చారో, అన్నీ ఆయనకే గుర్తున్నాయి. ఐదొందలు ఎక్కువ ఇప్పించి గానీ లేవలేదు. నాన్న ఆ రోజు ఆయన మొహంలోకి చూడలేకపోయారు. ఆ గంట చూశాక, వేళాకోళం చేసేవాళ్లు మన బండిని చిన్నచూపు చూస్తున్నారని నేను ఎప్పుడూ తొందరపడి అనుకోలేదు. ఎగతాళి చేయాలన్నా ఆ బండిని దగ్గర్నుంచి చూసి ఉండాలి.

ఇప్పుడు నీ స్నేహితుల సంగతి. ఆ అల్లరి నాలుగు వైపులకీ తిరుగుతోందా, నీ మీదే పడుతోందా, అది చూసుకో. థార్ కొని బురద ముఖం చూపించనివాణ్ని ఎవరైనా ఆడిస్తున్నారా? ట్యాంకు మూతి దాకా నింపించి, బంకులోనే సెల్‌ఫోన్‌లో మైలేజీ లెక్క కట్టుకునే డీజిల్‌వాణ్ని? సర్వీసుకిచ్చిన ప్రతిసారీ బిల్లు మడిచి జేబులో దాచుకునే జర్మన్ బండివాణ్ని? టీ కొట్టు కన్నా ముందు చార్జింగ్ పాయింటు వెతుక్కునేవాణ్ని? వాళ్లకీ వంతులు పడుతుంటే అది స్నేహం, ధైర్యంగా వెళ్లు. వాళ్లెవరికీ పడకుండా ఐదు వేళ్లూ నీ వైపే చూపిస్తుంటే మాత్రం కొంచెం ఆలోచించు. నీ ఉత్తరంలో వాన సంగతి ఉంది కాబట్టి నేను మొదటిదే నమ్ముతున్నాను. మనిషిని తక్కువ చేసేవాళ్లు రెండు గంటలు తడుస్తూ నిలబడరు, ఫోన్‌లో మెకానిక్ నెంబరు పంపేసి వెళ్లిపోతారు.

నువ్వు కూడా అడ్డుకో, పోనీ తిరిగి విసురు. నీ బండికి చెప్పుకోవడానికి చాలా ఉంది. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళాలు అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్న హర్‌పాల్ సింగ్, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి, ఆ బండిని 2010లో చనిపోయేదాకా అమ్మలేదు. తర్వాత కంపెనీయే దాన్ని బాగుచేయించి తన దగ్గర ప్రదర్శనకి పెట్టుకుంది. 2014 జనవరిలో తయారీ ఆగేలోపు పాతిక లక్షలకి పైగా 800లు రోడ్డెక్కాయి. నీ నలుగురు స్నేహితుల్లో కనీసం ఒక్కడైనా డ్రైవింగ్ నేర్చుకున్నది 800లోనే అయి ఉంటుంది. ఏ డ్రైవింగ్ స్కూలు బండిని హాఫ్ క్లచ్‌లో ఏడిపించారో అడిగి చూడు, టీ అయ్యేదాకా కబుర్లు తెగవు. 796 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు. ఇంత చిన్న బండి ఇన్ని కుటుంబాల్ని స్కూటరు మీంచి దింపి నీడలో కూర్చోబెట్టింది. ఇది నిజంగా గొప్ప విషయం, గొంతు తగ్గించుకుని చెప్పాల్సిన పని లేదు.

నాన్నగారి విషయం వేరు. అక్కడ నవ్వి ఊరుకోవద్దు.

థార్ అబ్బాయి నాన్నగారిని బాధపెట్టాలని అని ఉండడు. మీ ఐదుగురి మధ్య రోజూ నడిచే మాట, ఆరోమనిషి ఉన్నాడన్న ధ్యాస లేకుండా జారింది. మీకు అది బండి. ఆయనకి అది మొదటి కారు, మీ అమ్మగారిని గుడికి తీసుకెళ్లిన కారు, నిన్ను ఇంజనీరింగ్ కాలేజీలో దింపిన కారు. కాబట్టి ఆ అబ్బాయికి చెప్పాలి. గ్రూపులో మెసేజ్ పెట్టకు. అక్కడ పెడితే మిగతా ముగ్గురూ జడ్జీలైపోతారు, లేకపోతే ఇంకో జోకు వేసి మాట దాటేస్తారు. వాడి ఒక్కడి దగ్గరికే వెళ్లు, టీ తాగుతూ చెప్పు: ‘ఒరే, నన్ను ఎంతైనా అను. నాన్న ముందు ఆ బండి గురించి అనకు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.’ ఇంతకి మించి ఒక్క ముక్క కూడా కలపకు. పాత సంగతులు తవ్వకు, క్షమాపణ అడగకు. నిజమైన స్నేహితుడైతే వాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు, వాడంతట వాడే మీ ఇంటికొస్తాడు.

దానికన్నా ముందు నాన్నగారిని అడుగు. ఆయన ఎందుకు మాట్లాడలేదో నువ్వు ఊహించుకున్నావు గానీ అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. నా అనుమానం చెప్తాను. కొడుకు స్నేహితులందరి దగ్గరా కొత్త బండ్లున్నాయి, నా కొడుకు నా కోసమే ఈ పాతది పట్టుకుని వేలాడుతున్నాడేమో, వాడికి నేను బరువైపోయానేమో అని తండ్రులకి ఉంటుంది. బండిని అన్నందుకు ఆయన చిన్నబుచ్చుకున్నారని నువ్వు అనుకుంటున్నావు. ఆ దారంతా ఆయన నీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నారేమో. ‘నాన్నా, ఈ బండి నడపడం నాకిష్టం కాబట్టి నడుపుతున్నాను’ అన్న మాట నీ నోటి నుంచి ఆయన ఎప్పుడైనా విన్నారా? ఈ వారంలోనే చెప్పు.

లోన్ గురించి మా మరదలు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అది దాచను. 1997 బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే, అమ్మానాన్నల్ని తరచూ హైవే మీద తిప్పాల్సి వస్తే, ఆ కారణంతో కొత్త బండి కొనుక్కో, నిండు మనసుతో కొనుక్కో. భీమిలిలో నలుగురు నవ్వారని మాత్రం నెలనెలా ఈఎంఐ కట్టొద్దు. ఆ నవ్వు కొత్త బండి రంగు మీద మళ్లీ మొదలవుతుంది, వాయిదాలు మాత్రం ఐదేళ్లుంటాయి. కొత్తది కొన్నా పాతది ఆదివారాలకి ఉంచుకోవచ్చు. ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకో. సొంత కారుకి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు కూడా అరకు ముందే సరిచూసుకో.

ఇక అరకు. నువ్వు నీ బండిలోనే వెళ్లాలని నా కోరిక. అయితే వట్టి పౌరుషంతో కాదు, సిద్ధపడి వెళ్లాలి. బండిలో నువ్వూ ఇంకొక్కరూ, అంతే. సామాను వాళ్ల డిక్కీల్లో వెయ్యి. నెల ముందే మీ మెకానిక్ షెడ్డులో పెట్టించి రేడియేటరు, హోస్ పైపులు, ఫ్యాను, క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు చూపించు. బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్ల క్రితం మార్చారో గుర్తులేకపోతే మార్పించేయ్. పాత ఆయిల్లో తేమ చేరి ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు వేడికి అది మరిగితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది గానీ బ్రేకు పట్టదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కూడా అడుగు. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకో, దాన్ని అందరూ మర్చిపోతారు.

పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోటలో పెట్రోలు నింపుకుని టిఫిను చేయండి. అక్కడి నుంచి కొండ మొదలు. ఎక్కేటప్పుడు ఏసీ ఆపెయ్. నీ ఇంజను బలం నలభై గుర్రాలకి కాస్త అటూ ఇటూ. ఏసీ దాంట్లోంచే పంచుకుంటుంది. పెద్ద గేరులో వేసి ఇంజను గొణిగేలా లాగించకు, ముందే సెకండ్‌కి దిగు. వేడి ముల్లు పైకి పోతుంటే హీటరు పూర్తిగా తిప్పి కిటికీలు దించు, ఇంజను వేడి కొంత లోపలికి వచ్చి ముల్లు దిగుతుంది. అప్పటికీ దిగకపోతే వంపులో కాకుండా తిన్నటి చోట, రోడ్డు దిగి ఆపు. రేడియేటరు మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకు. వంపుల దగ్గర హారన్ కొట్టు. ఇరుకు చోట కొండ ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది రూలు, దిగేటప్పుడు నువ్వు అది గుర్తుపెట్టుకో. ఆర్టీసీ బస్సు వంపు తిరగాలంటే రోడ్డంతా కావాలి, దానికి ఇవ్వు.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కావో అదే గేరు. న్యూట్రల్‌లో వేసి జారనివ్వడం, పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేయడం పొరపాటున కూడా వద్దు. మాడు వాసన వస్తే ఆగి, బ్రేకులు వాటంతట అవే చల్లారేదాకా కూర్చో. నీళ్లు పోయకు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట, నీ నలుగురు స్నేహితులకి కూడా ఇది చదివి వినిపించు. బండ్లు కలిసి కొండెక్కేటప్పుడు నెమ్మది బండి ముందుండాలి. వెనకుంటే అది అందుకోవాలని కంగారుపడుతుంది, ముందువాళ్లు మాటిమాటికీ వంపుల్లో ఆగి ఎదురుచూస్తారు. రెండూ ప్రమాదమే. కాబట్టి సబ్బుపెట్టె ముందు, అందరికన్నా నిదానమైన చెయ్యి ఉన్నవాడు చివర, వాడి దగ్గరే గాలి పంపు, తాడు, పంక్చర్ సామాను. ప్రతివాడూ అద్దంలో తన వెనక బండి కనిపిస్తోందో లేదో చూసుకోవాలి, కనిపించకపోతే వేగం తగ్గించాలి. ఫోన్ సిగ్నలు అన్నిచోట్లా ఉండదు కనుక ఎక్కడెక్కడ ఆగాలో కిందే అనుకోండి: టైడా, అనంతగిరిలో కాఫీ, గాలికొండ వ్యూ పాయింటు, బొర్రా గుహలు వెళ్తారో లేదో. తమలో తాము ఓవర్‌టేకులు ఉండకూడదు. నీ వేగంలో వచ్చినందుకు వాళ్లు పోగొట్టుకునేది అరగంట. ఆ అరగంటలో కాఫీ తోటలు, మిరియాల తీగలు, లోయ అంతా కళ్లారా చూస్తారు. టర్బో బండివాడు ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లినా ఒక్కసారి కూడా చూసి ఉండడు.

ఒక్క రకం వేళాకోళానికి మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను. ‘దమ్ముంటే పట్టుకో’, ‘ఎస్.కోట నుంచి అనంతగిరి ఎన్ని నిమిషాల్లో కొట్టావ్’ లాంటివి. అవి నోట్లోంచి కాలులోకి దిగుతాయి, కాలు యాక్సిలరేటరు మీద ఉంటుంది. పబ్లిక్ రోడ్డు మీద పందేలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ వంపు అవతల నుంచి పిల్లల్ని స్కూలుకి నడిపించుకుపోతున్న గిరిజన తల్లి ఉంటుంది, సంతకి పోతున్న ముసలాయన ఉంటాడు. ఆ రోడ్డు వాళ్లది. ఎవరైనా ఆ మాట మొదలెడితే ‘నేను రాను’ అని అప్పుడే చెప్పు, ఎంత బోరుకొట్టేవాడివి అన్నా సరే.

వచ్చే ఆదివారం మానకు. రెండు వారాలు రాకపోయేసరికి వాళ్లు కూడా ఏదో అనుకుంటూ ఉంటారు. వెళ్లి, దోసెలు వచ్చేలోపే చెప్పెయ్: ‘అరకుకి నా బండిలోనే వస్తున్నాను, నేనే ముందు. తాడు తెస్తానన్నవాడు నిజంగానే తేవాలి.’ నవ్వుతారు. ఆ నవ్వు వినగానే నీకే తెలిసిపోతుంది, నేను చెప్పక్కర్లేదు. అరకులో బొంగు చికెన్ బిల్లు ఎవరు కట్టాలో కూడా అప్పుడే తేల్చుకోండి. నా లెక్కలో అయితే మ్యూజియం మాట అన్నవాడు కట్టాలి.

ఇంకొకటి. వైపర్ రబ్బర్లు మార్పించు. డిసెంబరులో తెల్లారి అనంతగిరి దగ్గర మంచు దట్టంగా ఉంటుంది, అద్దం లోపలి వైపు ఆవిరి పట్టేస్తుంది. తుడవడానికి ఒక మెత్తటి పాత నూలుగుడ్డ చేతికందేలా పెట్టుకో. ఆ బండిలో అలాంటి గుడ్డ ఇన్నేళ్లుగా ఎక్కడ పెట్టేవారో నాన్నగారికి తెలుస్తుంది, అడుగు.